సిలోనుకు ఎన్ని రోజులు

మా ఆయన తీతు పోయిన రోజు తెలంగాణ బంద్. దిల్‌సుఖ్‌నగర్ నుంచి మలక్‌పేట దాకా ఒక్క బస్సు తిరగలేదు. విజయవాడ రోడ్డు మీద వచ్చే లారీలన్నీ పెద్ద అంబర్‌పేట దగ్గరే నిలిచిపోయాయి. రిక్షావాళ్ళు రిక్షాలను గోడకు ఆనించి బీడీలు కాల్చుకుంటూ కూర్చున్నారు. ఇరవై ఏళ్ళకు పైగా బస్సు నడిపిన మనిషి, ఒక్క చక్రమూ తిరగని రోజున పోయాడు. తెల్లవారి, బంద్ మొదలుకాకముందే, డ్యూటీ దిగి డిపో నుంచి నడిచి ఇంటికొచ్చాడు, ఛాతీ పట్టేసినట్టుంది, చాయ్ పెట్టు అన్నాడు. నేను చాయ్ తెచ్చేసరికి మంచం మీద గోడవైపు తిరిగి ఉన్నాడు. ఆయన చాయ్‌లో చక్కెర వేసుకోడు, ఎడమచేతిలో బెల్లంముక్క పట్టుకుని కాస్త కొరికి కాస్త తాగుతాడు, ఆ ముక్క ముందే తీసుకుని పిడికిట్లో పెట్టుకున్నాడు. ఆ పిడికిలి నేనే విప్పాను. తడిగుడ్డతో తుడిచాను. మధ్యాహ్నానికి డిపో నుంచి డ్రైవర్లూ కండక్టర్లూ కాలినడకన వచ్చారు. సమాధుల తోటకు మోసుకుపోతుంటే చౌరస్తాలో రోడ్డుకడ్డంగా పేర్చిన రాళ్ళ దగ్గర పిల్లలు ఆపారు, పెట్టెను చూసి రాళ్ళు పక్కకు జరిపారు, ఇద్దరు వచ్చి భుజం పట్టారు. ఆ ఇద్దరూ నా క్లాసులో చదివినవాళ్ళే. నన్ను చూసి అలవాటుగా నమస్కారం పెట్టబోయి చేతులు దించుకున్నారు.

ఇప్పుడు వానాకాలం. అదే రోడ్డు పక్కన, సోడా దుకాణం అరుగు మీద కూర్చుని కోఠీ బస్సు కోసం చూస్తున్నాను. మూసారాంబాగ్ దగ్గర మళ్ళీ ఏదో గొడవని ఒకరంటున్నారు, ఏమీ లేదని ఇంకొకరంటున్నారు. ఐదింటికి మిషన్ ఆఫీసు మూసేస్తారు. ఆలోపు అక్కడి అన్నమ్మగారికి నేను ఒక సంఖ్య చెప్పాలి. సిలోనులోని మిషన్ బడులు క్రిస్మస్ సెలవుల్లో ఇక్కడి టీచర్లకు బస ఇస్తాయి, రైలూ స్టీమరూ మన ఖర్చు, ఉండటం తినటం వాళ్ళ ఇళ్ళలో. ఈ ఏడాది మొదట్లో, గొడవలు ఇంతగా ముదరకముందు, నేనూ తీతూ కలిసి పోయి పేర్లిచ్చి వచ్చాం. ఎన్ని రోజులుంటారు అని అడిగితే మేమిద్దరం ఒకేసారి రెండు సంఖ్యలు చెప్పాం. అన్నమ్మగారు నవ్వి, మీరు ఇంటికాడ కొట్లాడుకోని రాండ్రి, ఈ జాగ ఖాళీ ఉంచుత అన్నారు. మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక ఆమే నన్ను పక్కకు పిలిచారు. "ఒక పేరు కొట్టేసిన రెబెక్కా, ఏమనుకోకు. నువ్వైతే పోవాలె. ఎన్ని దినాలో శుక్రవారం ఐదు లోపల చెప్పు. ఆళ్ళు అక్కడ మంచాలు చూసుకోవాలె గద." పోవాలా వద్దా అన్న ఆలోచన నాకు రాలేదు. పోవాలి. ఎన్ని రోజులన్నదే తేలడం లేదు. నాలుగంటే ఆయన మాట నెగ్గుతుంది, నెగ్గిన సంగతి ఆయనకు తెలియదు. పదంటే నా మాట నెగ్గుతుంది, ఓడిపోయినవాడు మొహం ముడుచుకుని తువ్వాల భుజాన వేసుకుని బయటికి పోవడానికి లేడు.

వాన వెలిసింది కాని చూరు ఇంకా కారుతోంది. రోడ్డుకు అవతల ద్రాక్షతోట కంచె, దాని మీద తడిసిన తీగలు. ఇక్కణ్ణుంచి ఎల్బీనగర్ దిక్కు పోతే రెండు పక్కలా ఈ తోటలే, మధ్యమధ్య కొత్తగా రాళ్ళు పాతిన ప్లాట్లు. తీతుకు ఆ రోడ్డులో ఏ గుంట ఎక్కడుందో తెలుసు. నాకు గుంటలు తెలియవు, ఆ రోడ్డు పటంలో ఎటు పోతుందో తెలుసు. మా ఇద్దరి తేడా అంతా అక్కడే ఉంది. భూగోళం చెప్పడం నా ఉద్యోగం. బడిలో గోడకు వేలాడే పటానికి కింద ఒక కర్ర ఉంటుంది, చుట్టినప్పుడూ విప్పినప్పుడూ ఆ కర్ర సిలోను మీదనే రాసుకుంటుంది, రాసుకుని రాసుకుని ద్వీపం రంగంతా పోయింది. పిల్లలకు కనపడటం లేదని ప్రతి ఏడూ బడి తెరవగానే సిరా పెట్టి దాని అంచు మళ్ళీ దిద్దుతాను. తలైమన్నార్ దగ్గర మొదలుపెట్టి, కిందికి కొలంబో, గాలే, మళ్ళీ పైకి తూర్పుతీరం వెంట త్రింకోమలై, ఆ పైన జాఫ్నా. వేలు అంత దూరం ఎన్నోసార్లు పోయి వచ్చింది. ఒకసారి ఏదో పని మీద బడికి వచ్చిన తీతు తలుపు దగ్గర నిలబడి నేను దిద్దడం చూశాడు. గా త్రింకోమలై రేవు గంత కిందికి లేదు, జర పైకి పెట్టు అన్నాడు. పిల్లలంతా ఘొల్లున నవ్వారు. నేను పటం చూపించి, లేదు, ఇక్కడే ఉంది అన్నాను. ఉంటే ఉండనీ, నేనైతే దాని ఒడ్డున మూడేండ్లు ఉన్న అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఉన్నమాట నిజమే. యుద్ధం రోజుల్లో, నాకు ఆయనెవరో తెలియకముందు, నల్లగొండ దిక్కు పల్లె నుంచి పటాలంలో చేరి లారీ తోలడానికి సిలోను పోయాడు. త్రింకోమలై రేవులో దిగిన సరుకు కొండల మీది దండుకు చేరవేయడం పని. ఆయన చెప్పే సిలోనులో పట్టణాలు తక్కువ, మలుపులు ఎక్కువ. మధ్యాహ్నం కాగానే వాన, వానలో లారీ ఆపుకునే ఒక చాయ్ గుడిసె, ఆ గుడిసెలో ఒక ముసలమ్మ. ఆమె పాలు లేని చాయ్ ఇచ్చి అరచేతిలో బెల్లంముక్క పెట్టేది. ఆమె మాట ఈయనకు రాదు, ఈయన మాట ఆమెకు రాదు. ఒకనాడు ఈయనకు జ్వరమొస్తే లారీలోంచి దింపి గుడిసెలో పండబెట్టి, పైన గోనెపట్టా కప్పింది. ఆ ముసలమ్మకు నన్ను చూపించాలని తీతు కోరిక. ఆమె ఇప్పుడెక్కడ ఉంటుంది, అప్పటికే ముసలిది కదా అంటే, "ఉంటది. గా కొండల మీద మనుషులు లేటుగ చస్తరు" అనేవాడు. బెల్లం అలవాటు అక్కణ్ణుంచి తెచ్చుకున్నదే. ఇరానీ హోటల్లో ఆయన జేబులోంచి బెల్లం తీస్తే తోటి డ్రైవర్లు ఎగతాళి చేసేవాళ్ళు, తీతన్నకు సిలోన్ పెండ్లాం ఉన్నదని. నేను విన్నానని తెలిసి రెండు రోజులు నాకు ఎదురుపడటానికి సిగ్గుపడ్డాడు. నేనే ఒక బెల్లం అచ్చు కొని ఆయన డబ్బాలో వేశాను.

మాకు పిల్లలు కలగలేదు. ఉన్న ఇద్దరం ఒక రోజు ఇద్దరం, ఒక రోజు ఒక్కరం. ఆయనది పల్లెబస్సు, సాయంత్రం ఊరికి పోయి రాత్రి అక్కడే ఆగి తెల్లవారి తిరిగిరావాలి. తిరిగొచ్చిన రోజున తలుపు తట్టడు, పేరు పెట్టి పిలవడు. గడప దగ్గర చెప్పులు విడుస్తూ "నాలుగే" అంటాడు. నేను వంటింట్లోంచి "పది" అంటాను. పేర్లివ్వకముందు నుంచీ, ఏళ్ళుగా అది మాకు పలకరింపు. ఇరుగుపొరుగువాళ్ళు మొదట్లో ఏదో బేరమనుకున్నారు. బేరమే. ఆ బేరంలో ఇద్దరమూ ఒక్క మెట్టు దిగలేదు.

"పొద్దుగాల బండి ఇడిస్తే మాపటికి అవతలి దిక్కు సముద్రం అవుపడ్తది. గంత చిన్న దేశానికి పది దినాలేందే?"

"లారీల తిరిగినవ్. ఏం జూసినవ్ నువ్వు?"

"రోడ్డు జూసిన."

"రోడ్డు గాకుండ?"

"రోడ్డు పక్కపొంటి ఉన్నదంత జూసిన. ఎనకకు పోయినదంత అద్దంల జూసిన. ఇంకేం గావాలె?"

నేను టైంటేబులు వేసినట్టు వేశాను. అనురాధపురానికి ఒకటి, కాండీకి రెండు, తేయాకు తోటలకు ఒకటి, తీరం వెంట ఒకటి, ఇలా పది నిండాయి. ఆయన నా పక్కన కూర్చుని అంతా విని, ఏ పీరియడ్ కా పీరియడ్ గంట కొడ్తరా ఆడ, గంట కొడితే సముద్రం బంద్ అయితదా అని అడిగాడు. నీకేం కావాలో చెప్పు అంటే, ఆయనది ఒకటే. త్రింకోమలైలో దిగి, ఆ కొండరోడ్డు పట్టుకుని పైదాకా పోవాలి, చాయ్ గుడిసె దగ్గర ఆగాలి, మళ్ళీ దిగి రావాలి. పోను రెండు దినాలు, రాను రెండు దినాలు. అది దేశం చూడటం కాదు, అది డ్యూటీ అన్నాను. తర్వాత మెల్లగా, స్టీరింగు నా చేతుల లేకుండ ఒక్కసారి గా రోడ్డు మీద కూసోవాల్నని ఉన్నదే, కిటికీ పక్కన, నీ పక్కన అన్నాడు. అది విన్నాక కూడా నేను పది దగ్గరే ఉన్నాను. ఆయన నాలుగు దగ్గరే ఉన్నాడు. ఎందుకో ఎవరికీ తగ్గాలనిపించలేదు. తగ్గితే రేపు గడప దగ్గర ఏమనాలి.

"రెబెక్కగారూ, బస్సు వస్తుందంటారా?"

కౌసల్యమ్మగారు. మా పక్కింట్లో కిరాయికుంటారు, తెనాలి దగ్గరి వాళ్ళు. ఆమె భర్త శ్రీరామమూర్తిగారు ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. చేతిలో గొడుగూ గుడ్డసంచీ పట్టుకుని, చీర కుచ్చెళ్ళు బురదకు అందకుండా ఎత్తుకుని వచ్చి నా పక్కన అరుగు తుడిచి కూర్చున్నారు. వస్తుందనే కూర్చున్నానండి అన్నాను. కోఠీలో తాళాలు కొనాలట, మూడు పెట్టెలున్నాయి, ఒక్కదానికీ తాళం లేదు. "మావారికి గుంటూరు వేశారండీ. ముల్కీ కానివాళ్ళని, బయటినుంచి వచ్చినవాళ్ళందరినీ పంపించేస్తున్నారుగా. దసరాలోపు చేరాలిట." ఆమె తలుపు మీద ఇప్పటికీ నా చేతిరాత ఉంది. గొడవల రోజుల్లో బస్సు అద్దం మీద సుద్దతో జై తెలంగాణ అని రాసి ఉంటేనే పిల్లలు ముందుకు పోనిచ్చేవాళ్ళు, తీతు నా సంచీలోంచి సుద్దముక్క తీసుకుని, నువ్వే రాయి, నా రాతకు పోరగాళ్ళు నవ్వుతరు అని నన్ను డిపోకు తీసుకుపోయి రాయించాడు. బళ్ళో బోర్డు మీద రాసినట్టే తలకట్లన్నీ సమంగా పెట్టి రాశాను. చౌరస్తాలో పిల్లలు చూసి, అరే గిది మా టీచరమ్మ రాతరా, పోనియ్ పోనియ్ అన్నారట. అది తెలిసి కౌసల్యమ్మగారు తలుపు దగ్గర నిలబడి, మాక్కూడా ఒకటి రాసిపెట్టండి, మీ అక్షరాలైతే వాళ్ళు రాళ్ళు వెయ్యరు అన్నారు. రాశాను. వానకు తడవని చోటు చూసి చూరు కింద రాశాను.

"మీరెక్కడికండీ?"

చెప్పాను. సిలోను, సెలవులు, రోజుల సంగతి. "పదిరోజులే! అంత చిన్న దేశంలో పదిరోజులు ఏం చూస్తారండీ ఒక్కరూ? మా తిరపతే మూడు రోజుల్లో అయిపోతుంది గదా." అని, నా మొహం చూసి, మళ్ళీ తానే సర్దుకున్నారు. "అయినా చెప్పలేమండీ. మేం ఈ ఊరొచ్చి పన్నెండేళ్ళు. ఇదిగో చార్మినార్ పైకెక్కుదాం, అదిగో ఎక్కుదాం అనుకోవడమే. ఎక్కలేదు. ఇప్పుడు పెట్టెలు సర్దుతుంటే అదొక్కటే బాధగా ఉంది. ఆ కాస్త మెట్లు ఎక్కటానికి ఎన్నాళ్ళు పడుతుందండీ?" ఆమె కళ్ళు తుడుచుకోలేదు, గొడుగు మడతలు సరిచేసుకున్నారు. పొద్దున్నే ఇంటి ముందు నీళ్ళు చల్లుతూ ఆమె నన్ను పలకరిస్తారు, దసరా తర్వాత ఆ వాకిట్లో ఎవరు నీళ్ళు చల్లుతారో. గుంటూరు పటంలో కూడా నా వేలు పోయిన చోటే. ఆమె అక్కడికి పోయాక నేను ఆమెను చూడటానికి పోతానా, పోతే ఎన్ని రోజులుంటాను.

దుకాణంలో రేడియో గరగరమంటోంది. సాయంత్రమైతే సిలోను స్టేషను వస్తుంది, మధ్యమధ్య తెలుగు పాటలు కూడా వేస్తారు. ఆ గొంతు వినపడితే తీతు అన్నం తింటున్నవాడు చెయ్యి ఆపేవాడు, పాట కోసం కాదు, పాటకు ముందు వచ్చే ఆ గరగర కోసం. గది సముద్రం సప్పుడు అనేవాడు. కాదు, అది గాలిలో విద్యుత్తు అని చెప్పాను. నీకన్నీ ఎరుకనే అన్నాడు, కోపంగా కాదు. ఆయన పోయిన తర్వాత ఎండాకాలం సెలవులన్నీ మా అమ్మ వాళ్ళ ఊళ్ళో ఉన్నాను. బడులు తెరిచినట్టే తెరిచి మళ్ళీ మూశారు. మా హెడ్మాస్టరు సీతారాములుగారు పోయిన పాఠాలన్నీ ఆదివారాలు పూడ్చాలంటున్నారు, క్రిస్మస్ సెలవులు కూడా పూర్తిగా ఇవ్వగలనో లేదో, నీకెన్ని రోజులు కావాలో ముందే చెప్పు రెబెక్కా అన్నారు. అందరూ నన్ను అదే అడుగుతున్నారు. అడిగినప్పుడల్లా నోటిదాకా వచ్చేది పది, కాని దాని ముందు ఒక మాట వినపడాలి, అది వినపడకపోతే నా మాట గాలిలో ఉండిపోతుంది. ఊరి నుంచి తిరిగొచ్చిన రోజు తాళం తీసి లోపలికి పోయి, నీళ్ళు తాగి, వంటింట్లో నిలబడి పది అన్నాను. ఎందుకన్నానో తెలియదు. గడప దగ్గర ఆయన చెప్పులు అలాగే ఉన్నాయి.

"ఏం వదినా, గీడ కూసున్నవ్?"

కొమరయ్య. తీతు బస్సులో ఏళ్ళ తరబడి కండక్టరు. ఖాకీ చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంది, టికెట్ల సంచీ పొట్ట మీదకు జరిపి పట్టుకున్నాడు. ఎల్బీనగర్ దిక్కు నుంచి నడిచి వస్తున్నాడు, వాళ్ళ బండి అక్కడ పంక్చరైందట. బస్సులు నడుస్తున్నయా అని అడిగాను. "నడుస్తయి. మూసారాంబాగ్ కాడ పోరగాళ్ళు ఒక్కొక్కటి ఇడుస్తున్నరు. మట్టయ్య బండి ఎనక ఒస్తున్నది, దాంట్ల పోదువు. యాడికి, మిషనాఫీసుకేనా?" అవునన్నాను. అతను కౌసల్యమ్మగారికి నమస్కారం పెట్టి, మా ముందు గొంతుక్కూర్చున్నాడు. కొంచెంసేపు రోడ్డు వైపు చూశాడు. "నేనే ఇంటికి ఒద్దామనుకున్న వదినా. ఏడాది ప్రార్థన కూటం అయినంక అడుగుదామని డ్రైవర్లు అన్నరు. కని నువ్వు క్రిస్మస్‌కే పోతున్నవంట. ఎన్ని దినాలు పోతున్నవో జర చెప్పు, మేం లెక్కేసుకోవాలె."

"మీకేం లెక్క కొమరయ్యా?"

"ఏందొదినా గట్లంటవ్? తీతన్న బదుళ్ళు ఉన్నయి గద మా దగ్గర."

బదులంటే నాకు తెలుసు. మా ఊళ్ళో నాట్లప్పుడు ఒకరి పొలంలో ఇంకొకరు ఒక రోజు చేస్తే, వాళ్ళు వచ్చి వీళ్ళ పొలంలో ఒక రోజు చేస్తారు. కూలి లేదు, కాగితం లేదు, మధ్యన ఒక మనిషి గుర్తుంచుకుంటే చాలు. చేయించుకున్నవాళ్ళు తీర్చకుండా ఉండరు, చేసినవాళ్ళు పోతే వాళ్ళ ఇంటికి పోయి తీరుస్తారు. ఆ ఊళ్ళనుంచి వచ్చినవాళ్ళే డిపోలో డ్రైవర్లయ్యారు, ఆ పద్ధతి వాళ్ళ వెంట వచ్చిందని మాత్రం నాకు తెలియదు. కొమరయ్య చెప్పాడు. తీతు తన సెలవు రోజున ఇంట్లో కూర్చోక, డిపోలో పనుందని చెప్పి పోయేవాడు కదా, అది పని కాదట, ఇంకొకరి డ్యూటీ. మట్టయ్య బిడ్డ పెండ్లికి మట్టయ్య బండి నడిపాడు. రామస్వామి తల్లి దవాఖానలో ఉంటే రామస్వామి బండి నడిపాడు. పైవాళ్ళు సెలవు ఇయ్యకపోయినా, సిలోను పోయే రోజుల్లో వీళ్ళంతా ఆయన బండి నడపాలి, అదీ మాట. లెక్క కొమరయ్య దగ్గర ఉంది, తలలో.

"నీకు చెప్పలేదా?"

"చెప్పలేదు. నా సెలవు సంగతి నేను జూసుకుంట అన్నడు."

"జూసుకున్నడు గద మరి. ఎనిమిది జమ చేసిండు."

"ఎనిమిదా?"

"నాలుగు ఆడ, నాలుగు బాటకు. రైలుకు పోను రెండు, రాను రెండు అనేటోడు."

నాకు నవ్వొచ్చింది. అరుగు మీద, పది మందిలో, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. కౌసల్యమ్మగారు భయపడి నా వీపు మీద చెయ్యి వేశారు. ఎనిమిది. ఇన్ని పండుగలు, ఇన్ని ఆదివారాలు ఒళ్ళు హూనం చేసుకుని జమచేసి, కచ్చితంగా నాలుగు దగ్గర ఆపిన మనిషి. నా కోసం ఒక్కటి కూడా ఎక్కువ వేయలేదు. ఎవరికీ తెలియకుండా చేసిన పనిలో కూడా నాతో కొట్లాడుతూనే ఉన్నాడు. ఆయన ఎదురుగా ఉంటే ఏమనేదాన్నో నాకు తెలుసు, ఇంత మొండిదనం ఏందని అనేదాన్ని, ఆయన బెల్లంముక్క కొరుక్కుంటూ, ఎవరిది మొండిదనం అనేవాడు. ఆ నవ్వులోనే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అవి తుడుచుకునేటప్పటికి నవ్వు లేదు. రోడ్డు మీద ఎడ్లబండి ఒకటి పోతోంది, సరూర్‌నగర్ చెరువు గట్టు మీది పచ్చగడ్డి వేసుకుని. దాని వాసన వచ్చింది. ఎనిమిది రోజుల డ్యూటీ అంటే ఎనిమిది సాయంత్రాలు నేను ఒక్కదాన్నే అన్నం తిన్నాను. ఆ సాయంత్రాలే ఇవి. నాకు తెలియకుండా నా దగ్గర్నుంచే తీసి దాచాడు.

"నవ్వకు వదినా, ఇంకొకటుంది" అన్నాడు కొమరయ్య. సంచీలోని చిల్లర అటూ ఇటూ సర్దాడు. "ఎనిమిదైనంక బంద్ చేసిండు. ఎవలడిగినా నాకు సాలు అన్నడు. మళ్ళ ఎండలు ముదిరినంక, పోయేదానికి ఒక వారం ముంగట అనుకుంట, మట్టయ్యకు పెయ్యి బాగలేదంటే తీతన్ననే వచ్చి నేను నడుపుత, బదులు రాసుకో అన్నడు. రాసుకో అంటే యాదికుంచుకో అని. ఏందన్నా, నీ లెక్క అయిపాయె గద అన్న. మా ఆమె పటంల ఊర్లు జాస్తి ఉన్నయిరా, ఇంకొకటి కలుపుత అన్నడు."

"ఇంకొకటి?"

"ఒక్కటే. ఇంటికాడ చెప్పకురా, ఇప్పుడే చెబితే నెత్తికెక్కుతది అన్నడు."

కౌసల్యమ్మగారు నా చెయ్యి పట్టుకుని ఉన్నారు. ఒక వారం ముందు. ఆ వారంలో గడప దగ్గర ఎన్నిసార్లు చెప్పులు విడిచాడో, ఎన్నిసార్లు నాలుగే అన్నాడో. అన్నాడు, అంతకుముందు అన్నట్టే అన్నాడు, నేను గొంతులో తేడా పట్టలేదు, పట్టడానికి వంటింట్లో గిన్నెల చప్పుడు. ఐదు అని నాలుక మీద పెట్టుకుని నాలుగు అన్న మనిషి. ఏ ఊరి కోసం కలిపాడో ఆ ఒక్క రోజు. పటంలో నా వేలు ఎక్కువసేపు ఆగేది గాలే దగ్గర, కింది కొన దగ్గర, అక్కణ్ణుంచి కిందికి ఇంక నేల లేదు, అంతా నీళ్ళే అని పిల్లలకు చెప్పేటప్పుడు నా గొంతు మారుతుందని ఆయన ఒకసారి అన్నాడు. దాని కోసమే అయి ఉంటుంది. కాకపోయి ఉండవచ్చు. అడిగి తెలుసుకునే దారి లేదు.

కొమరయ్య చెబుతున్నాడు, డ్రైవర్లంతా అనుకున్నారట, బండి నడిపి తీర్చే దారి ఇక లేదు కాబట్టి నేను సిలోనులో ఉన్నన్ని రోజులు రోజుకొకరు వచ్చి మా ఇంట్లో పడుకుంటారు. ఈ గొడవల్లో తాళం వేసిన ఇల్లు మంచిది కాదు, పక్కిల్లు కూడా ఖాళీ అవుతోంది. తొమ్మిది బదుళ్ళు, తొమ్మిది రాత్రులు. "ఎక్కువైనా మంచిదే వదినా, బదులు నీ మీద ఉంటది, నువ్వెప్పుడన్న మా పోరగాండ్లకు పాఠం చెప్పు." అలా అయితే పది రోజులకూ దారి ఉంది. ఆయన సంఖ్యకూ దారి ఉంది. అన్నిటికీ దారి ఉంది. తొమ్మిదిలో బాటకు నాలుగు తీస్తే ఐదు. ఆయన ఐదు దాకా వచ్చి ఆగాడు. ఆయన ఒకటి పైకి వస్తే నేను ఒకటి కిందికి దిగాలి, బేరమంటే అంతే. ఆ లెక్కన సెలవులలోపే మేమిద్దరం మధ్యలో ఎక్కడో కలిసేవాళ్ళం. ఎక్కడ కలిసేవాళ్ళమో నాకు తెలుసని అనుకోను. ఆయన ఐదు దగ్గరే మళ్ళీ మొండికేసేవాడేమో. నేను వేసేదాన్నేమో.

ఎల్బీనగర్ మలుపు దగ్గర బస్సు కనిపించింది. అద్దం మీద సుద్దతో జై తెలంగాణ అని రాసి ఉంది, అక్షరాలు వంకరటింకరగా, వానకు సగం కారిపోయి. నా రాత కాదు. కౌసల్యమ్మగారు లేచి కుచ్చెళ్ళు సర్దుకుని, రండి, నేను కోఠీ దాకా మీతోనే అన్నారు. కొమరయ్య రోడ్డు మధ్యకు పోయి చెయ్యి ఊపి బండి ఆపించాడు. స్టీరింగు ముందు మట్టయ్య. నన్ను చూసి తలకు చుట్టుకున్న తువ్వాల తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు, కిటికీలోంచి తల బయటపెట్టి, "వదినా, ఎన్ని దినాలు పోదామనుకున్నవ్?" అని అడిగాడు. కోఠీ పోయేలోపల చెప్తా అన్నాను. ఎక్కి, ఎడమపక్క కిటికీ దగ్గర కూర్చున్నాను. పక్కన చోటు వదిలాను, కౌసల్యమ్మగారు చూసి, ఏమనుకున్నారో, వెనక సీట్లో కూర్చున్నారు. బస్సు కదిలింది. మలక్‌పేట వచ్చేసరికి నాలుగున్నర. తీతు ఒక రోజు పెంచాడు. నేను నా పదిలోంచి ఇంకా ఒక్క రోజూ తగ్గించలేదు.